బల్ల చరిచిన చోటల్లా

మా వదిన గొంతు వినని చెవి ఈ ఊళ్లో లేదు, మా వదిన మొహం గుర్తుపట్టే మనిషీ లేడు. వదినంటే నా భర్తకు సొంత అక్క. పెళ్లి చేసుకోలేదు. మా పైవాటాలో ఉంటుంది. ఏళ్ల తరబడి బస్టాండులో చిన్న గదిలో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఏది ఎందుకు ఆలస్యమైందో మైకులో చెప్పేది. ఆ తర్వాత ఎవరో మహానుభావుడు ఒక మిషను తెచ్చి పెట్టాడు. అది రాని బస్సును వచ్చిందనేది, వెళ్లిపోయిన బస్సు ఎక్కమనేది. అయినా ఇంటికి పంపింది మిషనును కాదు, మా వదినను.

నేనే ఆవిడను మా ఆఫీసుకు లాక్కొచ్చాను. మాది చూపు లేనివాళ్ల గ్రంథాలయం. పుస్తకాలు చదివి రికార్డు చేసి, చిన్న చిన్న మెమరీ కార్డుల్లోకి ఎక్కించి ఇస్తాం. నేను ముందు బల్ల దగ్గర కూర్చుని కార్డులు ఇచ్చి పుచ్చుకుంటాను. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారు, ఎక్కడ వదిలేశారు అన్నీ నాకు తెలుస్తాయి. ప్రేమకథలైతే మర్నాటికే తిరిగొచ్చేస్తాయి. ప్రాచీన గ్రంథాలు మాత్రం తీసుకెళ్లినవాళ్ల ఇళ్లలో హాయిగా కాపురం ఉంటాయి.

నా బల్ల వెనకే రికార్డింగు గది. గదంటే గదా అది! గోడలకు కోడిగుడ్లు అమర్చే అట్టలు, తలుపుకు పాత పరుపు, లోపల ఒక బల్ల, ఒక మైకు, ఒక మనిషి. ఫ్యాను చప్పుడు రికార్డులో పడుతుందని ఫ్యాను లేదు. లోపలికి వెళ్లినవాళ్లు స్నానం చేసినట్టు బయటికి వస్తారు. చదివేటప్పుడు తప్పు దొర్లితే ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం ఉండదు. అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచి, అదే వాక్యం మళ్లీ చదవాలి. ఎడిటింగు పిల్ల కంప్యూటరు తెర మీద ఆ చప్పుడు చూసుకుని, దాని ముందున్న వాక్యం కోసేసి, తర్వాతది ఉంచుతుంది. అంతా అయ్యాక అసలు రికార్డు చెరిపేస్తారు. దాచుకోవడానికి చోటు లేదు మరి, మాది దానధర్మాల మీద నడిచే సంస్థ.

ఇంకో నియమం కూడా ఉంది. ఒక పుస్తకానికి ఒకటే గొంతు. సగంలో గొంతు మారిందా, మొత్తం పారేసి మొదటి పేజీ నుంచి ఇంకొకరితో చదివించాలి. ఎవరు పెట్టారో ఈ నియమం, వాళ్లను తెచ్చి ఆ ఫ్యాను లేని గదిలో కూర్చోబెట్టాలి.

ఈ నియమానికి బలైపోయినది పెద్దపుస్తకం. దాని అసలు పేరుతో మాకు పనిలేదు, అందరం పెద్దపుస్తకం అనే అంటాం. లావుపాటి మూడు సంపుటాలు. చదువుకున్న ప్రతివాడూ ‘అబ్బో, ఎంత గొప్ప గ్రంథం!’ అంటాడు, ఎవడూ చదవడు. మా ఇంట్లోనూ మొదటి సంపుటం ఉంది. ముందు కొన్ని పేజీలు నూనె మరకలతో, టీ మరకలతో నల్లబడి ఉంటాయి, ఆ తర్వాత పేజీలు పెళ్లిబట్టల్లా తళతళలాడుతుంటాయి. రెండో సంపుటం కొనే అవసరం మా వంశంలో ఎవరికీ రాలేదు. నేనూ ఒకటికి మూడుసార్లు మొదలుపెట్టాను. ముందు కోటగోడల వర్ణన. గోడలయ్యాక ఏనుగులు. ఏనుగులయ్యాక గుర్రాలు. మనుషులు వచ్చేసరికి నాకు నిద్ర వచ్చేది.

మా గ్రంథాలయంలో దాన్ని ముగ్గురు మొదలుపెట్టి వదిలేశారు. ఒక రిటైరైన మాస్టారు ఏనుగుల దగ్గరే గుండె పట్టుకుని కూర్చున్నారు. ఒకాయనకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. మూడో ఆవిడ కాన్పుకని వెళ్లింది, ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది, ఆవిడ మాత్రం రాలేదు. మూడుసార్లూ రికార్డు చెరిపేశారు. మూడుసార్లూ మా లాయరమ్మ మొదటి కార్డు దగ్గరే ఆగిపోయింది.

లాయరమ్మ అంటే మా చందాదారు. కోర్టులో పేరు మోసిన మనిషి, నడివయసులో చూపు పోయింది. కాలేజీలో ఉండగా పెద్దపుస్తకం పాఠ్యంగా ఉంటే గైడు చదివి పరీక్ష గట్టెక్కిందట. ఆ సంగతి ఆవిడకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. “కళ్లున్నప్పుడు ఒళ్లు బద్ధకం. ఇప్పుడు నేను పోయేలోపు చెవులతోనైనా పూర్తి చెయ్యకపోతే నాకు శాంతి లేదమ్మా,” అనేది నా బల్ల దగ్గర చేతికర్ర ఆనించి.

నాలుగోసారి పెద్దపుస్తకం మా వదిన చేతికొచ్చింది. “నాకేం ప్రాచీన సాహిత్యం తెలుసనే! నాకు తెలిసిందల్లా బస్సు నంబర్లు,” అంది. అన్నా కూర్చుంది. ఏనుగులను దాటింది, గుర్రాలను దాటింది. ఒక్కో సమాసం దగ్గర నాలుక మడతపడి బల్ల చరవడం, మళ్లీ చదవడం, మళ్లీ చరవడం. సాయంత్రానికి అరచెయ్యి ఎర్రగా కందిపోయేది. “రాసినవాడికి ఊపిరి తీసుకునే అలవాటు లేదే. నాకుంది!” అని విసుక్కునేది. మొదటి సంపుటం ముగిసేసరికి ఆవిడకూ లాయరమ్మకూ ఫోనులో స్నేహం కుదిరింది. స్నేహమంటే పోట్లాటే. రాణిది తప్పంటే మంత్రిది తప్పని, వారానికొకసారి ఫోను వేడెక్కేదాకా వాదించుకునేవారు. ఒకరినొకరు ఎన్నడూ కలవలేదు. లాయరమ్మ వచ్చే వేళకు వదిన లోపల తలుపేసుకుని చదువుతూ ఉండేది.

రెండో సంపుటంలో కోటకావలివాడు వచ్చాడు. వాడొచ్చాక మా వదిన మనిషి మారిపోయింది.

ఆ పుస్తకంలో రాజులూ మంత్రులూ పేజీలకు పేజీలు మాట్లాడతారు. కావలివాడు మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. పొరుగురాజు రాయబారి వచ్చి ద్వారం దగ్గర పేజీన్నర స్తోత్రం చదివితే, వీడు “సోది ఆపి సంగతి చెప్పు” అంటాడు. ఆస్థానకవి కోటను పొగుడుతూ పద్యం మీద పద్యం అందుకుంటే, “అదిరింది. ఇక తలుపు వేసుకోనీ” అంటాడు. మొదట చూసి వదిన అచ్చుతప్పనుకుంది. నాతో చెప్పింది. నేను వెళ్లి కార్యదర్శిగారిని అడిగాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, “ఉన్నది ఉన్నట్టు చదవమనండమ్మా, మనకెందుకు?” అన్నారు. పుస్తకం తెరిచి చూడనైనా లేదు.

ఆ సాయంత్రమే మా ఇంట్లో పెద్ద రగడ. మా ఆయన మా అబ్బాయికి చదువు గురించి హితబోధ మొదలుపెట్టారు. వాడు చెవిలోని ఇయర్‌ఫోను తీసి, “నాన్నా, సోది ఆపు,” అన్నాడు.

మా ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఏం భాషరా అది! మీ వల్లే తెలుగు చచ్చిపోతోంది. పెద్దపుస్తకంలాంటివి చదివితే తెలిసేది మాటలంటే ఏమిటో!”

మెట్ల మీద నుంచి వదిన నవ్వడం మొదలుపెట్టింది. “ఒరే తమ్ముడూ, వాడన్నది పెద్దపుస్తకంలో మాటేరా. ఇవాళ పొద్దున్నే చదివాను.”

“ఊరుకో అక్కా, మేనల్లుణ్ణి వెనకేసుకు రాకు!”

“నా మీద ఒట్టు. రాయబారి అంతటివాణ్ణే అన్నాడు, నువ్వో లెక్కా? ‘మెక్కింది అరక్క దొర యుద్ధమంటున్నాడు’ అని కూడా అన్నాడు.”

“ఎవరత్తా వాడు? సూపరు!” అన్నాడు మావాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాణ్ణి ఒక్క మాట అనడానికి లేదు. ఏ వెధవ మాటన్నా “పెద్దపుస్తకంలో ఉందేమో, అత్తనడుగు” అనేవాడు. నేను కంచం కడగమంటే కూడా అదే జవాబు. వాణ్ణని ఏం లాభం? తెచ్చిపెట్టింది మా వదిన.

గదిలోనూ అదే వరస. కావలివాడి మాట వచ్చిందంటే ఆవిడ చదివే గొంతు వదిలేసి బస్టాండు గొంతులోకి దిగిపోయేది. డ్రైవర్ల మధ్య, కండక్టర్ల మధ్య బతికిన మనిషి, ఆ మాటల రుచి ఆవిడకు తెలుసు. మాట వదలడం, పకపకా నవ్వడం, ఆనందం పట్టలేక అరచేత్తో బల్ల మీద ఫట్‌మని చరవడం! పరుపు తలుపు దాటి నా బల్ల దాకా వినిపించేది. నేనూ నవ్వుకునేదాన్ని. లాయరమ్మకు ఫోనులో ఊరించేది కూడా. “కావలివాడు రానివ్వండి, అప్పుడు చూడండి!” అని. చదవడం ముందు నడుస్తుంది, ఎడిటింగు వెనక నడుస్తుంది కాబట్టి, లాయరమ్మకు ఆ భాగాలు ఇంకా చేరలేదు.

మూడో సంపుటం మొదట్లో వదిన గొంతు బొంగురుపోయింది. జలుబే అనుకున్నాం. జలుబు కాదు. డాక్టరు గొట్టం పెట్టి చూసి, గొంతులో మాట పుట్టేచోట కాయ ఉంది, ఆపరేషన్ చెయ్యాలి అన్నాడు. ప్రాణానికేం భయం లేదట. గొంతు మాత్రం ఎలా తిరిగొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. అప్పటిదాకా మాట్లాడటం తగ్గించమన్నాడు.

వదిన ఇంటికొచ్చి నాతో ఒకటే మాట అంది. “ఆపరేషన్ లోపల పుస్తకం అయిపోవాలే. లేకపోతే ఇదీ చెరిపేస్తారు.”

ఇక చూడాలి ఆ మనిషి పట్టుదల. ఇంట్లో నోరు విప్పడం మానేసింది. ఉప్పు కావాలంటే వేళ్లతో సైగ. మావాడితో పరాచికాల్లేవు, మా ఆయనతో పేచీల్లేవు. ఉన్న గొంతంతా ఆ గుడ్ల అట్టల గదికే. లాయరమ్మ ఫోను చేస్తే నాచేత పనుందని చెప్పించేది.

“నిజం చెప్తే ఏం పోయింది వదినా? ఆవిడ నొచ్చుకుంటోంది,” అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

“ఏమని చెప్పను?” అంది గుసగుసగా. “ఆవిడకు నేనంటే గొంతేనే. అది పోతోందని దాంతోనే చెప్పనా?”

చివరి పేజీ చదివి బయటికి వచ్చిన రోజున ఆవిడ మొహం చెమటలో మెరిసిపోతోంది. కార్యదర్శిగారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. నేను ఏడ్చేశాను, సిగ్గెందుకు. ఎడిటింగు పిల్ల మిగిలినదంతా ఆదరాబాదరా పూర్తిచేసి, రెండు, మూడు సంపుటాల కార్డులు ఒకేసారి నా చేతిలో పెట్టింది. లాయరమ్మ వాటిని పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్లింది. ఆపరేషన్ ఇంక వారంలోకి వచ్చింది.

రెండు రోజులకే లాయరమ్మ తిరిగొచ్చింది. కర్ర నేలకేసి కొడుతూ వచ్చింది.

“మీ కావలివాడు ఎక్కడమ్మా?”

“రెండో సంపుటంలో ఉంటాడండీ.”

“ఉన్నాడు. వస్తాడు, నిలబడతాడు, నోరు మాత్రం విప్పడు! రాయబారి ‘ఏమంటివిరా నీచుడా’ అని మండిపడతాడు, వీడేమీ అనలేదు. రాజు నవ్వుతాడు, ఎందుకు నవ్వాడో తెలీదు. కోర్టులో సాక్షి ఇలా ఉంటే కేసు కొట్టేస్తారు. ఏం మాట్లాడాడో ఆ వాక్యాలన్నీ మింగేశారు మీరు.”

కార్డు నా బల్ల మీదున్న ప్లేయరులో పెట్టి విన్నాను. ఆవిడ చెప్పింది నిజం. రాయబారి పేజీన్నర స్తోత్రం ఉంది. సోది ఆపమన్న మాట లేదు. కవి పద్యాలన్నీ ఉన్నాయి. ‘అదిరింది’ లేదు. అర్థమైపోయింది నాకు. వదిన ఎక్కడెక్కడ మురిసిపోయి బల్ల చరిచిందో, అక్కడల్లా ముందు వాక్యం ఎగిరిపోయింది. నవ్వుతో సహా.

లాయరమ్మను, సరిచేసి ఇస్తామని బతిమాలి పంపి, ఎడిటింగు పిల్ల గదిలోకి వెళ్లాను. వెళ్లానంటే మర్యాదగా వెళ్లలేదు.

“ఏమ్మా, బుద్ధుందా? కావలివాడి మాటలన్నీ కోసిపారేశావా?”

ఆ పిల్ల బిత్తరపోయింది. “బల్ల చప్పుడు వచ్చిన చోట కొయ్యమన్నారు కదక్కా! అదీగాక... ‘సోది ఆపు’ అంటే మేడమ్ మీతో అంటున్నారనుకున్నా. ‘మెక్కింది అరక్క’ అంటే టిఫిను సంగతనుకున్నా. ప్రాచీన గ్రంథంలో అలాంటి మాటలు ఉంటాయా?”

“నువ్వు తెలుగు ఎమ్మేవి కదే! పెద్దపుస్తకం నీకు పాఠం కాదూ?”

“పాఠమే అక్కా,” అంది తల దించుకుని. “నోట్సు చదివాను.”

తిడదామని నోరు తెరిచి మూసుకున్నాను. ఎవర్ని తిట్టను? గైడు చదివి గట్టెక్కినవాళ్లు, నోట్సు చదివి గట్టెక్కినవాళ్లు, ఏనుగుల దగ్గర నిద్రపోయిన నేను, అందరం ఒక బాపతే. పుస్తకం చూసుకుంటూ కొయ్యవచ్చు కదా అనడానికీ లేదు. మా దగ్గరున్నది ఒకటే ప్రతి, ముట్టుకుంటే పొడి రాలుతుంది, గది దాటి రానివ్వరు. ఇక అసలు రికార్డు సంగతి అడగనే అక్కర్లేదు. అప్పటికే చెరిపేశారు.

కార్యదర్శిగారు మా ఇద్దరినీ, వదిననూ కూర్చోబెట్టి గొంతు సవరించుకున్నారు. “చూడండమ్మా, వేలకొద్దీ వాక్యాల్లో కొన్ని పోయాయి. ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ చివరిదాకా విన్న పాపాన పోలేదు. ఇకముందు మాత్రం ఎవరు గమనిస్తారు? ఇలాగే ఉంచేద్దాం. పోయినవి కూడా పెద్ద గంభీరమైన మాటలేం కావుగా.”

వదిన కుర్చీలోంచి లేచింది. ఎన్నాళ్ల నుంచో దాచుకున్న గొంతు ఒక్కసారిగా బయటికి తీసింది. “ఆ పుస్తకంలో బతికున్న మనిషి వాడొక్కడేనండీ! వాడి నోరు కొట్టేసి మిగతావాళ్ల ఏనుగుల్నీ గుర్రాల్నీ ఏం చేసుకోమంటారు?” అని, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

నేను వెనకే పరిగెత్తాను. “వదినా, నీకేమైనా పిచ్చా? వారంలో ఆపరేషన్. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. కాయ చిట్లితే? గొంతు మొత్తం పోతే? లాయరమ్మ ఒక్కదాని కోసం...”

“ఒక్కదాని కోసమే,” అంది. “పిల్లను పిలు.”

ఎడిటింగు పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి పుస్తకం ఇద్దరి మధ్యా తెరిచి పెట్టుకున్నారు. ఆ పిల్ల వేలితో వాక్యం చూపించడం, వదిన దాన్ని చదవడం. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చోమన్నాను, బల్ల జోలికి వెళ్లొద్దని. గొంతు ఒక వాక్యానికి వచ్చేది, రెండో వాక్యానికి గాలి వచ్చేది. మంచినీళ్లు తాగి, ఆగి, మళ్లీ ప్రయత్నించేది. కావలివాడు ఎగతాళి చేసే చోట ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగేవి. ఎడిటింగు పిల్ల కూడా వాక్యం చూపించి ఊరుకునేది కాదు, ముందూ వెనకా చదువుతూ కూర్చునేది. మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, “అక్కా, నిజంగా ఎంత బావుందో తెలుసా ఈ పుస్తకం?” అంది. నాకు ఒళ్లు మండింది. ఆ ముక్క ముందే తెలుసుకుని ఉంటే ఇంత దూరం వచ్చేదా!

అలా రెండో సంపుటం అతుకులన్నీ పడ్డాయి. మూడోదీ పడింది, ఒక్కటి తప్ప. ఆఖరి పేజీలో ఆఖరి వాక్యం. పుస్తకం అయిపోయిందన్న సంబరంలో వదిన అక్కడా బల్ల చరిచింది. యుద్ధం ముగిసి, కోట బూడిదయ్యాక, మిగిలిన పెద్దలందరూ వంతులవారీగా విలపిస్తారు. ఆ విలాపాలు ముప్పావు అధ్యాయం. చిట్టచివర కావలివాడు వస్తాడు. వాడిది ఒకటే మాట. వదిన నోరు తెరిచింది. గొంతు రాలేదు. నీళ్లు తాగింది, ఆవిరి పట్టింది, కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంది. మళ్లీ తెరిచింది. గాలి తప్ప ఏమీ లేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఆసుపత్రిలో చేరాలి.

“ఆ ఒక్కటీ ఎవరైనా చదివేస్తేనో?” అంది ఎడిటింగు పిల్ల భయం భయంగా.

కార్యదర్శిగారు తల అడ్డంగా ఊపారు. ఒక పుస్తకానికి ఒకటే గొంతు. ఆ ఒక్క వాక్యం లేకపోయినా ఫరవాలేదు, పుస్తకం బతికింది కదా అన్నారు. నాకు ఆయన పీక పిసకాలనిపించింది. వదిన మాత్రం ఏమీ అనలేదు. అనడానికి ఏముంది ఆవిడ దగ్గర!

ఆ చివరి రోజున లాయరమ్మ మిగిలిన కార్డు కోసం వచ్చింది. అప్పటికే రెండో సంపుటం కొత్త కార్డు విని ఉంది. వస్తూనే మొహం విప్పారి ఉంది. “మెక్కింది అరక్క దొర యుద్ధమంటున్నాడా! పొలమారి చచ్చాననుకో! ఇంత మనిషున్నాడని కాలేజీలో మాకెవరూ చెప్పలేదేమమ్మా?”

మూడో సంపుటం కార్డు చేతిలో పెట్టి, “ఆఖరి వాక్యం ఒక్కటి ఇందులో లేదండీ,” అన్నాను. దాచడం నా వల్ల కాలేదు.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. “ఎందుకు లేదు?”

వదిన అక్కడే ఉంది. గది తలుపు దగ్గర, లాయరమ్మకు చేతికందే దూరంలో నిలబడి ఉంది. నేను ఆవిడ వైపు చూశాను. వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

“రికార్డు... కుదరలేదండీ.”

“అయితే నువ్వు చదివి వినిపించు. రికార్డు నాకెందుకు? ముసలిదాన్ని, ఇంత దూరం వచ్చి గుమ్మంలో ఆగిపోనా?”

వదిన లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చింది. గది దాటనివ్వని పుస్తకాన్ని రెండు చేతులతో మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, ఆఖరి పేజీ తీసి, వేలితో చూపించింది. మూడుసార్లు మొదలుపెట్టి ఏనుగులను దాటలేని నేను, మధ్యలో ఏముందో తెలియని నేను, చదవాల్సి వచ్చింది. నా గొంతు నాకే రేకు డబ్బాలా వినిపించింది.

“‘ఏడ్చింది చాల్లెండి. ఎవడన్నా బతికుంటే తలుపు తియ్యండి.’”

లాయరమ్మ బల్ల మీదికి వంగింది.

“తీశారా?”

“అంతేనండీ. అక్కడితో అయిపోయింది.”

“అయిపోయింది,” అంది ఆవిడ కూడా. నల్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. “నాతోనూ అయిందమ్మా, చివరికి. ఆవిడ చదివి ఉంటేనా, ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలేది. నువ్వేమీ అనుకోకు. ఈ మధ్య నాతో మాట్లాడటం మానేసింది, ఏం తప్పు చేశానో తెలీదు. కనిపిస్తే చెప్పు, పూర్తి చేశానని. ఆవిడ లేకపోతే ఈ జన్మకు అయ్యేది కాదని.”

నా నాలుక చివరిదాకా వచ్చింది, ఇదిగో ఇక్కడే ఉంది మీ గొంతావిడ అని. వదిన చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతూ, నన్ను కళ్లతో కాల్చేస్తోంది. ఎంత మొండి మనిషి! ఇంత చేసి, ఇక్కడ నిలబడి, ఒక్క చెయ్యి చాచితే అయిపోయేదానికి!

“చెప్తానండీ,” అన్నాను.

లాయరమ్మ కార్డు సంచిలో వేసుకుని, కర్ర అటూ ఇటూ ఆడిస్తూ తలుపు వైపు తిరిగింది. రెండడుగులు వేసేసరికి కర్ర వెళ్లి వదిన పాదానికి తగిలింది. ఆవిడ ఆగింది.

“అయ్యో, క్షమించండి. ఇక్కడ ఎవరో ఉన్నారని తెలీలేదు,” అంది.

వదిన పక్కకు జరిగి దారి ఇచ్చింది.